తొమ్మిది గ్రాములు

"బోర్గిల్డ్ డిస్కస్‌కి కూడా తూకమేంటి, వెయ్యనీ!" అని ఆ గురువారం సాయంత్రం ఒడ్‌మున్ చెయ్యి ఊపేశాడు చూడండి, తప్పంతా అక్కడే జరిగింది. డెబ్భై ఆరేళ్ళ మనిషి. పోస్టాఫీసు మూసేసినప్పుడు పార్సెళ్ళు తూచే త్రాసుని అడిగి తెచ్చుకుని మైదానం పక్క సామాన్ల గదిలో పెట్టుకున్నాడు. ఏ పోటీ జరిగినా ముందు ప్రతి ఇనుప గుండునీ, పళ్ళెంలాంటి ప్రతి డిస్కస్‌నీ దాని మీద పెట్టి, సరిపోయినదానికి పచ్చ చుక్క పెడతాడు, తక్కువ తూగినదాన్ని బల్ల కిందికి తోస్తాడు. ఒకసారి మేయరు కొడుకు తెచ్చుకున్నదాన్నే తోసేశాడు. అలాంటివాడు ఆ ఒక్కదాన్నీ తూచక్కర్లేదన్నాడు. మొహమాటానికి కాదు, నమ్మకంతోనే అన్నాడు.

అప్పటికి, బోర్గిల్డ్ దగ్గర విసరడం నేర్చుకుంటున్న తూవా ఐదుసార్లు విసిరింది, క్లబ్బు డిస్కస్‌తో. యాభై దగ్గరా, యాభై ఒకటి దగ్గరా పడుతున్నాయి గాని పైకి పోవడంలేదు. ఆరోదానికి ముందు ఆ పిల్ల తన సంచీలోంచి వేరే డిస్కస్ తీసి, రింగు చుట్టూ కట్టిన వల పక్కన నిలబడ్డ బోర్గిల్డ్‌కి చూపించింది.

"దీంతో వేస్తా."

ఒడ్‌మున్ చెయ్యి ఊపింది అప్పుడే. బోర్గిల్డ్ కళ్ళు మెరిశాయి. మూడు వారాల కిందట తూవా పద్దెనిమిదో పుట్టినరోజుకి తనిచ్చిందే అది. చెక్క ఒళ్ళు, ఉక్కు అంచు. నలభై ఒక్కేళ్ళ కిందట ఇదే రింగులో నిలబడి బోర్గిల్డ్ దాన్ని యాభైమూడు మీటర్ల ఎనభై ఆరు సెంటీమీటర్లు విసిరింది. అప్పట్నుంచి ఈ జిల్లాలో ఏ ఆడపిల్లా ఆ గీత దాటలేదు. క్లబ్బు గోడ మీది రికార్డుల బోర్డులో ఇత్తడి అక్షరాలతో ఆమె పేరు అలాగే ఉంది. ఏటా మే నెలలో మంచు కరిగి గడ్డి తేలగానే ఆమే టేపు పట్టుకుని కొలిచి, సరిగ్గా ఆ దూరంలో తెల్లరంగు పూసిన ఒక బర్చి చెట్టు కర్ర మేకు దిగ్గొడుతుంది. పిల్లలు దాన్నే చూస్తూ విసురుతారు. తూవా పదకొండో ఏట నుంచీ దాన్ని చూస్తూనే విసురుతోంది.

"కుడికాలు ముందు తిరగాలి. చెయ్యి తొందరపడకూడదు" అంది బోర్గిల్డ్, వెయ్యిసార్లు చెప్పిన మాటే.

తూవా ఒకటిన్నర చుట్టు తిరిగి వదిలింది. డిస్కస్ చేతిలోంచి పోతున్నప్పుడే బోర్గిల్డ్‌కి తెలిసిపోయింది. అది గాలిలో చదునుగా, ఏమాత్రం వణక్కుండా పోయి పోయి, తెల్ల మేకుని దాటి అవతల గడ్డిలో దిగింది. కొలిస్తే యాభైనాలుగు మీటర్ల రెండు సెంటీమీటర్లు.

అబ్బ, ఆ అరుపులు! తూవా వలలోంచి పరిగెత్తుకొచ్చి బోర్గిల్డ్ మెడకి వేలాడింది. తన రికార్డు పోయిందన్న బాధ బోర్గిల్డ్‌కి తట్టలేదా అంటే, తట్టింది. ఒక్క క్షణమే. ఆ తరవాత మిగిలిందంతా సంతోషమే.

రికార్డు పడితే మాత్రం ఆ డిస్కస్‌ని వెంటనే తూచి కాగితం మీద రాయాలి. అది ఎవరు చెయ్యి ఊపినా పోయే నియమం కాదు. ఒడ్‌మున్ నవ్వుతూనే త్రాసు మీద పెట్టాడు. నవ్వు ఆగిపోయింది. తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ పెట్టాడు. మూడోసారి కూడా పెట్టాడు. ఆయన చెవులు కందిపోయాయి.

"తొమ్మిది వందల తొంభై ఒకటి" అన్నాడు, నేల చూస్తూ. కిలోకి తొమ్మిది గ్రాములు తక్కువ.

ముందు నోరు తెరిచింది మైకు పట్టుకున్న స్టైనార్. ఊళ్ళో రంగుల కొట్టు ఆయనదే, క్లబ్బుకి అధ్యక్షుడూ ఆయనే, నోరు ఊరుకోని మనిషి. "అయితే రికార్డు ఇంకా బోర్గిల్డ్ ఇంట్లోనే ఉందన్నమాట! భలే కాపాడుకున్నావే!" అని పకపకా నవ్వాడు. ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా నవ్వారు. తరవాత ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. బూట్ల తాళ్ళు విప్పుకుంటున్న తూవా తలెత్తలేదు.

*

శుక్రవారం ఆరింటికి బోర్గిల్డ్ ఎప్పటిలాగే మైదానానికి వెళ్ళింది. రింగులో గడ్డిపరకలు ఊడ్చింది. చినుకు పడి కాంక్రీటు తడిగా ఉంటే మోకాళ్ళ మీద కూర్చుని పాత తువ్వాలుతో తుడిచింది. ఆరున్నరకి ఫోనుకి మెసేజీ వచ్చింది. "తలనొప్పి. రాను." అంతే, తూవా రాసింది. ఏడేళ్ళలో జ్వరం వచ్చినా రాకుండా ఉన్న పిల్ల కాదు. బోర్గిల్డ్ తువ్వాలు పిండుకుని ఏడింటిదాకా అక్కడే కూర్చుంది, ఒకవేళ వస్తుందేమోనని.

ఇంటికొచ్చి కెటిల్ పెడుతుంటే కట్టెల పొయ్యి మీది అలమర కళ్ళబడింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

నలభై ఏళ్ళూ ఆ డిస్కస్ ఫ్యోర్డు అనే సముద్రపు పాయ ఒడ్డున పడవల కొట్టంలో ఒక మేకుకి వలసంచీలో వేలాడింది. అక్కడి చెక్కలకి ఉప్పుగాలీ తేమా ఏడాది పొడుగునా పడతాయి, గోడలే చెమరుస్తుంటాయి. ఫిబ్రవరిలో, దీన్ని తూవాకే ఇవ్వాలి అనుకుని ఇంట్లోకి తెచ్చింది. పాత వార్నీషు గీకింది. మే నెల దాకా పొయ్యి మీది అలమరలో పెట్టి, ఆదివారం ఆదివారం అవిసె నూనె రాసింది. రాత్రీ పగలూ పొయ్యి వేడి తగిలి చెక్కలోని తేమంతా పోయింది. అంచు పళపళలాడితే మురిసిపోయింది గాని, ఎండిన చెక్క బరువు తగ్గుతుందన్న ఆలోచనే రాలేదు. కట్టెలు కొట్టి ఎండబెట్టుకునే ఊళ్ళో పుట్టి పెరిగి, అరవై ఏడేళ్ళొచ్చి!

"నా మతి మండిపోనూ" అంది పైకే. వినడానికి ఎవరూ లేరు.

ఇది ఎవరికి చెప్పాలి? నిందేస్తే జవాబు చెప్పొచ్చు. ఎవరూ వెయ్యలేదు. మా వైపు జనం మాట అనరు, అనకుండానే అంటారు. దానికి జవాబు చెప్పబోతే, అడక్కుండానే ఎందుకు చెబుతోంది అంటారు, అదీ అనకుండానే. ఆమెకి మాత్రం తూవా ఒక్కతె నమ్మితే చాలు. ఊరు ఏమనుకున్నా సరే, సెప్టెంబరులో చదువుకి ఓస్లో పోయే ఆ పిల్ల, ముసలిది కుళ్ళుబోతుతనంతో తేలిక డిస్కస్ అంటగట్టింది అనుకుంటూ పోకూడదు.

శనివారం దుగ్నాద్. ఏటా జూన్‌లో ఒకరోజు ఊరంతా వచ్చి క్లబ్బు పనులు చేసిపెడతారు, కూలీ ఉండదు, వాఫుల్స్ అనే తీపి అట్లూ కాఫీ ఉంటాయి. రానివాళ్ళ పేరు డిసెంబరు దాకా గుర్తుంటుంది. బోర్గిల్డ్ అందరికన్నా ముందొచ్చి, కంచెకి పాత రంగు గీకడం మొదలుపెట్టింది. పలకరించనివాళ్ళు లేరు. "ఎండ బాగా కాసింది కదా" అన్నారు. "అవును, బాగా కాసింది" అంది. కానీ ఆమె గీకుతున్న చోటుకి అటూ ఇటూ నాలుగేసి పలకలు ఎవరూ ముట్టుకోలేదు.

పదకొండింటికి వాఫుల్స్. పళ్ళెంలో రెండు వేసుకుని, వాటి మీద గోధుమరంగు చీజు ముక్కలు పరుచుకుని పొడవాటి బల్ల చివర కూర్చుంది. ఎదటి కుర్చీ ఖాళీ. పక్క కుర్చీ ఖాళీ. ఒకామె కాఫీ కప్పుతో అటే వచ్చి, ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరిగిపోయింది. ఎవరూ పిలవలేదు, బోర్గిల్డ్‌కి చెవులు బాగానే పనిచేస్తాయి. ఒడ్‌మున్ అయితే పొయ్యి దగ్గరే నిలబడి తిన్నాడు. నలభై ఒక్కేళ్ళుగా రికార్డు పక్కన ఒంటరిగా ఉన్న పేరే ఆమెది, కానీ ఆ వాఫుల్ నమిలినంతసేపూ ఉన్నంత ఒంటరితనం ఆమె ఎన్నడూ ఎరగదు. ఏడుపొచ్చింది. జామ్ ఇంకాస్త వేసుకుంది.

తిని, నేరుగా కంచె అవతలి కొసకి నడిచింది. తూవా అక్కడ తన ఈడు పిల్లలతో రంగు వేస్తోంది.

"తూవా, ఆ డిస్కస్ సంగతి..."

"రంగు ఆరిపోతుంది బోర్గిల్డ్" అంది తూవా. బ్రష్షు ఆపలేదు, మొహం తిప్పలేదు. మెడ మాత్రం ఎర్రబడింది.

"ఆ డిస్కస్ ఒకసారి నాకియ్యి. కొట్టంలో వేలాడేస్తా."

"సంచీలో ఉంది. తీసుకో."

బోర్గిల్డ్ తీసుకుంది. తీసుకుంటుంటే చూసినవాళ్ళు చూశారు.

*

ఆదివారం ఆమెకో ఆలోచన వచ్చింది. తను రికార్డు కొట్టిన రోజు కూడా కాగితం రాసే ఉంటారు కదా, అందులో తూకం ఉంటుంది. అప్పుడు సరిగ్గా ఉన్న డిస్కస్ ఇప్పుడు తగ్గిందంటే పొయ్యి వేడి వల్లేనని ఆ కాగితమే చెబుతుంది. తూవా ముందు పెడితే చాలు. క్లబ్బు తాళం ఆమె దగ్గరే ఉంటుంది. అటక ఎక్కి, ఎలుకలు కొరికిన జెండాలూ తుప్పు పట్టిన హర్డిల్సూ దాటుకుని, ఎనభై మూడు అని రాసున్న అట్టపెట్టె కిటికీ వెలుగులోకి లాక్కుంది.

కాగితం దొరికింది. బోర్గిల్డ్ త్వైటెన్. యాభైమూడు, ఎనభై ఆరు. గాలి, వాన, సమయం, అన్నీ ఉన్నాయి. కొలిచిన ముగ్గురి సంతకాలు ఉన్నాయి. డిస్కస్ తూకం అన్న గడిలో ఏమీ లేదు. ఒక్క చిన్న గీత. దాని కింద ఒడ్‌మున్ సంతకం.

కాగితం మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకుని ఒడ్‌మున్ ఇంటికి నడిచింది.

ఆయన వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు. ఆమెని చూసి పీట చూపించాడు గాని కళ్ళలోకి చూడలేదు. "గురువారం అలా అయింది, నా తప్పే" అని గొణిగాడు.

ఆమె కాగితం దుంపల పక్కన పెట్టింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివి, కళ్ళజోడు తీసేశాడు.

"ఆ రోజు తూచలేదా ఒడ్‌మున్?"

"కుండపోత వాన. త్రాసు పోస్టాఫీసులో ఉండేది అప్పుడు, ఆదివారం, తాళం వేసుంది. పోస్టుమాస్టరు చేపలకి పోయాడు. అయినా నిన్ను తూచేదేంటి? నువ్వు మోసం చేసే పిల్లవా?"

"మరి తూవా మోసం చేసే పిల్లా?"

ఒడ్‌మున్ దుంప తిప్పుతూ కూర్చున్నాడు. తొక్క తెగి నేల మీద పడింది.

"అప్పుడూ ఇదే డిస్కస్. అప్పుడూ ఇదే మాట, 'బోర్గిల్డ్‌ది తూచేదేంటి' అని. ఆ మాట మీద నాకు రికార్డొచ్చింది, ఆ పిల్లకి పోయింది. ఇదేం న్యాయం?"

"నీది కొట్టంలో ఉన్న డిస్కస్ కదా, తేమగా, బరువుగానే ఉండుంటుంది."

"ఉండుంటుంది. రాసి లేదు."

"ఆ పొయ్యి మండుతోంది. అందులో పడెయ్యి దాన్ని. నలభై ఒక్కేళ్ళు ఎవరికి పట్టింది?"

"ఇవాళ నాకు పట్టింది."

"నా సంతకం ఉంది దాని మీద, తల్లీ! ఈ వయసులో నా పరువు బజార్న పెడతావా?"

"పెడతా. నాదీ పెడుతున్నాగా. ఇద్దరం కలిసే పోదాం."

ఆయనకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చినట్టయింది. చేతులు తుడుచుకుని కాఫీ పోశాడు. గురువారం తరవాత ఒకరితో కూర్చుని తాగిన కాఫీ ఆమెకి అదే. కాగితం సాయంత్రానికి స్టైనార్ చేతికి చేరింది.

*

సోమవారం ఆరింటికి బోర్గిల్డ్ మైదానానికి వచ్చేసరికి స్టైనార్ క్లబ్బు గోడకి నిచ్చెన వేసుకుని ఇత్తడి అక్షరాల మరలు విప్పుతున్నాడు. కింద ఒడ్‌మున్ టోపీ పట్టుకుని, రాలిన అక్షరాలు అందులో వేసుకుంటున్నాడు. ఆయన చంకలో త్రాసు ఉంది, ఎందుకు తెచ్చాడో ఎవరూ అడగలేదు.

"నేనేదో సరదాకన్నా బోర్గిల్డ్, గురువారం" అన్నాడు స్టైనార్ నిచ్చెన మీదినుంచి. "ఇంత పని చేస్తావనుకోలేదు."

"నీ సరదా దిగొచ్చి చెప్పు, నిచ్చెన మీదినుంచి కాదు" అని ఒడ్‌మున్ కసిరాడు.

బోర్గిల్డ్ గోడ దగ్గరికి నడిచింది. అక్షరాలు ఊడినచోట చెక్క కొత్తగా, లేతరంగులో ఉంది. ఆ లేతరంగులో పేరు ఇంకా చదవొచ్చు.

అప్పుడే తూవా సైకిలు దిగింది. బోర్డు చూసి అక్కడే నిలబడిపోయింది.

"ఏంటిది?"

"బోర్గిల్డ్ తన రికార్డు తీసేయించుకుంది" అన్నాడు స్టైనార్. "ఆవిడదీ తూచలేదట, కాగితం తనే తెచ్చిచ్చింది. దాని తరవాత పెద్ద దూరం, సరిగ్గా తూచి రాసినది నీదే, పోయిన ఆగస్టులో వేసింది, యాభై ఒకటి నలభై. జిల్లా రికార్డు నీదేనమ్మా! అక్షరాలకి చెప్పేశాను."

తూవా సైకిలు వదిలేసింది. అది గోడకి తగిలి కింద పడింది.

"వద్దు. నాకొద్దు. నాకు తెలుసు!"

"ఏం తెలుసు?" అంది బోర్గిల్డ్.

"తక్కువుందని తెలుసు. నువ్విచ్చిన రోజే అమ్మ రొట్టెపిండి తూచే త్రాసు మీద పెట్టా. తొమ్మిది వందల తొంభై. రెండుసార్లు పెట్టా. త్రాసు తప్పేమో అనుకున్నా. కాదు, తప్పయితే బావుండుననుకున్నా. నీ డిస్కస్‌తోనే నీ మేకు దాటాలని... ఎలాగూ ఒడ్‌మున్ తూస్తాడు కదా, తేలిపోతుందిలే అనుకున్నా. ఆయన తూచలేదు. అప్పుడు నోరు తెరవాల్సింది, తెరవలేదు. స్టైనార్ ఆ మాట అన్నప్పుడైనా తెరవాల్సింది. శనివారం నువ్వొక్కదానివే కూర్చుని తింటుంటే చూశా. చూసి రంగు వేసుకుంటూ ఉండిపోయా." పిల్ల ముక్కు తుడుచుకుంది. "తలనొప్పి లేదు నాకు."

స్టైనార్ నిచ్చెన దిగాడు. చేతిలో స్క్రూడ్రైవరు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ మార్చుకున్నాడు.

బోర్గిల్డ్‌కి కోపమొచ్చింది. చిన్న కోపం కాదు, ఒళ్ళు మండింది. నాలుగు రోజులుగా ఈ పిల్ల తనని నమ్మాలని తను పాకులాడుతుంటే, తన తప్పేమీ లేదని ఈ భూమ్మీద తెలిసిన ఒక్క మనిషీ ఈ పిల్లే! అనాల్సిన మాటలు నాలిక చివరిదాకా వచ్చాయి.

"నాలుగు రోజులు తూవా" అంది.

వెనక్కి తిరిగి గడ్డిలోకి నడిచింది. తెల్ల మేకు దగ్గర వంగి రెండు చేతులా పట్టుకుని లాగింది. నేల మెత్తగానే ఉన్నా మేకు ఊగింది గాని రాలేదు. వెనక అడుగుల చప్పుడు.

"తియ్యకు" అంది తూవా.

"ఇది రికార్డు కాదిప్పుడు. ఎందుకిక్కడ?"

"కాగితం మీద కాదు. కానీ నువ్వు వేసింది ఇక్కడే పడిందిగా."

బోర్గిల్డ్ మేకు పట్టుకునే ఉండిపోయింది. నలభై ఒక్కేళ్ళ కిందటి ఆ వాన సాయంత్రం డిస్కస్ పడిన చోటు ఆమెకి కళ్ళకి కట్టినట్టు గుర్తుంది, నీళ్ళు చింది బురద ఎగిరింది. ఆ సంగతి ఇంకొకరు అనడం ఇదే మొదలు. చేతులు వదిలేసింది.

"క్లబ్బుది తీసుకో. ఆరు వెయ్యి" అంది గొంతు సవరించుకుని. "కుడికాలు ముందు."

"ఆగండాగండి" అని ఒడ్‌మున్ ఆయాసపడుతూ వచ్చాడు. త్రాసుని బెంచీ మీద సమంగా కూర్చోబెట్టి, క్లబ్బు డిస్కస్ తూచాడు. "వెయ్యిన్ని మూడు" అని గట్టిగా చదివి పచ్చ చుక్క పెట్టాడు. తరవాత ఎవరూ అడక్కుండానే బోర్గిల్డ్ సంచీలోంచి ఆ పాతదాన్ని కూడా తీసి పెట్టాడు. "తొమ్మిది వందల తొంభై నాలుగు. రెండు రాత్రులు కొట్టంలో ఉండి మూడు గ్రాములు తాగింది, తాగుబోతు ముండ!"

స్టైనార్ నవ్వబోయి, మానేసి, టేపు తీసుకుని తనే రింగు దగ్గరికి వెళ్ళాడు.

తూవా ఆరూ వేసింది. ఐదు వలకి తగిలో, పక్కకి పోయో చెడ్డాయి, ఏడ్చిన చేతులు మరి. ఆరోది చదునుగా పోయింది. మేకు దాకా పోలేదు. బోర్గిల్డ్ గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని, డిస్కస్ అంచు చేసిన గంటు దగ్గర టేపు కొసని బొటనవేలితో నొక్కిపట్టింది. రింగు దగ్గరినుంచి స్టైనార్ చదివాడు, యాభైరెండు డెబ్భై అని.

"ఇంకెంత?" అంది తూవా పక్కనే కూలబడి.

"మీటరూ పదహారు సెంటీమీటర్లు."

"సెప్టెంబరు దాకా ఇక్కడే ఉంటా."

బోర్గిల్డ్ లేచి, లాగినప్పుడు వదులైన మేకు దగ్గరికి పోయి, నిటారుగా నిలబెట్టి, మడమతో నాలుగు పోట్లు పొడిచి దాన్ని అదే కన్నంలో గట్టిచేసింది.

"రేపు ఆరింటికి" అంది. "తలనొప్పి వస్తే నిజంగా వచ్చాక రాయి."